గుడి మైకులో పలకని మాట

లేబు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తుంటారు. టీ తాగి, ఫ్యాను కింద కాసేపు కూర్చుని, "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని శాంపిల్ ఒకటి చెప్పండి" అంటారు. ఏ రక్తపు చుక్కలోనో కనబడిన వింత పురుగు గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నాకు మాత్రం మంచినీళ్ళు గుర్తొస్తాయి. అబద్ధం కాదర్రా. నా ఉద్యోగం మొత్తంలో నన్ను అన్ని తిప్పలు పెట్టిన శాంపిల్ ఇంకోటి లేదు. తీరా చూస్తే అది సీసాలో పట్టి మూత బిగించిన బోరు నీళ్ళు.

ఆ సంగతే చెబుతాను. ఎవరి పేర్లూ చెప్పను. కొందరు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు, ఒకరు లేరు. నేను పలాసలో ఒక ఆసుపత్రి లేబులో చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయినవాణ్ణి. మా వైపు బాబూ అనడానికి బావూ అంటారు కాబట్టి జనం నోట్లో నా పేరు 'రక్తాల బావు'. సూది చేత్తో పట్టుకుని తిరిగేవాడికి అంతకంటే మంచి పేరు ఎవరిస్తారు?

మా ఉద్దానం జబ్బు గురించి ఇక్కడివాళ్ళకి కొత్తగా చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళు చదువుతారేమోనని ఒక్క ముక్క. కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్ళలోనూ, సముద్రం ఒడ్డు ఊళ్ళలోనూ, షుగరూ బీపీ ఏమీ లేని మనుషులకి కూడా మూత్రపిండాలు చడీ చప్పుడూ లేకుండా పాడైపోతుంటాయి. ఎందుకో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నీళ్ళన్నారు, మట్టన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి బిళ్ళలన్నారు, రక్త సంబంధమన్నారు. అన్నిటికంటే ఎక్కువగా నీళ్ళ మీదే పడ్డారు. ఏ బృందం దిగినా ముందు బోరు దగ్గరికి వెళ్ళి సీసా పట్టేది. అలా ఏళ్ళ తరబడి సీసాలు పట్టించుకుని పట్టించుకుని, మా పల్లెల్లో పరీక్ష అంటే నీళ్ళ పరీక్షే అని జనం మనసులో స్థిరపడిపోయింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, దీని మీదే కథంతా నడుస్తుంది.

మేము రక్తంలో చూసేది క్రియాటినిన్. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా "నాకు కిరాటిన్ ఎంతున్నాది బావూ" అని అడుగుతుంది మా దగ్గర. దాంతో చిక్కేమిటంటే, అది ఆలస్యంగా మేలుకునే రకం. మూత్రపిండాల పనిలో సగానికి సగం పోయేదాకా అది పెద్దగా పెరగదు. పెరిగిందని మనం చెప్పేసరికి చెయ్యగలిగింది తక్కువ మిగులుతుంది. కొన్ని వందల మందికి ఆ మాట నా నోటితో చెప్పాను. "మరి ముందే ఎందుకు సెప్పనేదు" అని వాళ్ళడిగితే నేల చూపులు చూశాను.

అందుకని, నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు కొత్త పరీక్ష వస్తోందని విన్నప్పుడు నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. మూత్రపిండంలో సన్నటి గొట్టాలుంటాయి కదా, వాటి గోడలు దెబ్బతినడం మొదలవగానే కొన్ని ప్రోటీన్లు మూత్రంలోకి దిగుతాయట. క్రియాటినిన్ మేలుకోకముందే వాటిని పట్టుకోవచ్చట. అది మా ఉద్దానంలో ఎంతవరకు పనికొస్తుందో చూడటానికి పెద్ద సిటీ నుంచి ఒక పరిశోధన బృందం దిగింది. నన్ను వాళ్ళకి డెప్యుటేషన్ మీద ఇచ్చారు. ఊళ్ళు తెలుసు, దారులు తెలుసు, తిట్లు తినడం అలవాటు, అంతకంటే అర్హత ఏం కావాలి.

బృందంతో వచ్చింది ఒక కుర్ర డాక్టరమ్మ. గోదావరి అవతలి పిల్ల. మంచిది, పని రాక్షసి. ఒక్కటే ఇబ్బంది, ఆ పిల్ల తెలుగు పాఠ్యపుస్తకంలో తెలుగు. "అమ్మా, ఉదయం తొలి మూత్రాన్ని సేకరించవలెను" అన్న ధోరణిలో మాట్లాడేది. ఊళ్ళో వాళ్ళు మర్యాదగా తలూపి, ఆవిడ వెళ్ళాక నా వైపు తిరిగి "ఏటన్నాది" అనేవారు.

మొదట తోటల ఊళ్ళు చేశాం. తర్వాత మందస వైపు సముద్రం ఒడ్డున ఒక చేపలవాళ్ళ పల్లె వంతు వచ్చింది. పొద్దున్న లేచీ లేవగానే పోసే మొదటి మూత్రం కావాలి మాకు. ముందురోజే చిన్న తెల్లటి సీసాలు, వెలుతురు తగలకుండా చుట్టూ వెండి కాగితం అంటించినవి, అక్కడి ఆశా కార్యకర్తకి అప్పగించాం. ఆవిడ అదే పల్లె కోడలు, నెమ్మదస్తురాలు. మర్నాడు మేం వెళ్ళేసరికి అరుగు మీద సీసాలన్నీ బారు తీరి ఉన్నాయి. అంత బుద్ధిగా, ఒక్క సీసా కూడా తగ్గకుండా, నేనెక్కడా చూడలేదు. డాక్టరమ్మ పొంగిపోయింది.

ఒక్కొక్క మూతా కొద్దిగా తీసి, రెండు గళ్ళ పట్టీ ముంచి చూసి, మళ్ళీ మూతపెట్టి ఐసు పెట్టెలో సర్దడం అక్కడ మా పని. ఒక గడి ప్రోటీను, ఒకటి చక్కెర. ఒడ్డున ఎండేసిన చేపల వాసన ముందు ఇంకే వాసనా ముక్కుకి ఆనదు. ఆ పనిలో ఉండగా ఒకావిడ వచ్చి బల్ల ముందు నిలబడింది. నలభై దాటిన మనిషి, గట్టి మనిషి. తెల్లవారకుండా ఒడ్డున చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని పలాస దాకా వెళ్ళి అమ్ముకొస్తుంది. పెనిమిటి గుజరాత్ బోట్ల మీదకి వెళ్ళాడు. ఆవిడ తమ్ముణ్ణి నేనెరుగుదును. మొన్నమొన్నటి దాకా వేట చేసిన కుర్రవాడు, ఇప్పుడు వారానికి మూడుసార్లు పలాసలో డయాలిసిస్ మంచం మీద పడుకుంటున్నాడు. అతని రక్తం తీసేది నేనే.

"నాది ముందు సూడండి బావూ. బాగుంటే మా ఓడికి ఒకటి ఇచ్చెత్తాను" అంది ఆవిడ. బేరంలో చేప ఇచ్చేసినంత తేలిగ్గా అంది. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిందట. విశాఖలో పెద్ద ఆసుపత్రిలో రక్తం గ్రూపు కూడా చూపించుకుని వచ్చింది, కలిసింది. మిగతా పరీక్షలు మొదలుపెట్టడమే తరువాయి.

పట్టీ ముంచాను. రెండు గళ్ళూ రంగు మారలేదు. డాక్టరమ్మ కూడా చూసి, ఇప్పటికైతే దోషమేమీ కనిపించడం లేదని చెప్పింది. 'ఇప్పటికైతే' అన్న మాట గంపావిడ వినలేదు, వినదు కూడా. ఆ ముఖం చూడాలి మీరు. పెళ్ళినాటి ముఖం కూడా అంత వెలిగి ఉండదు. ఆ రోజు చేపలు తీసుకుని ముందుగా డయాలిసిస్ వార్డుకే వెళ్ళిందని తర్వాత తెలిసింది. అమ్మకం మాట మర్చిపోయి తమ్ముడి మంచం పక్కన కూర్చుందట, వార్డంతా నీచు వాసనని నర్సులు గొడవ పెట్టుకున్నారట.

ఆ పల్లెలో తమాషా అంతటితో ఆగలేదు. ఏ సీసాలో ముంచినా పట్టీ తెల్లగా బయటికొస్తోంది. తోటల ఊళ్ళలో పదిమందిలో ముగ్గురు నలుగురికైనా గడి రంగు మారేది. ఇక్కడ ఒక్కరికీ లేదు. డాక్టరమ్మ సాయంత్రం సిటీలో ఉన్న పెద్ద ప్రొఫెసరు గారికి ఫోను చేసింది. ఆయన ఉత్సాహం పట్టలేకపోయారు. ఈ పల్లెని ఏదో కాపాడుతోంది, అదేమిటో కనుక్కోవాలన్నారు. సముద్రపు గాలా, చేపల నూనెలా, వేట మనుషుల రక్తమా. నేనూర్కుంటానా. వీళ్ళు తినే ఎండు నెత్తళ్ళ మహిమ అయ్యుంటుందని నా వంతు సిద్ధాంతం నేనూ వేశాను. కారు దిగేలోపు దాని మీద ఒక పేపరు రాసెయ్యడానికి కూడా సిద్ధపడ్డాం మేమిద్దరం.

పది రోజులు తిరక్కుండానే సిటీ లేబు నుంచి ఫోనొచ్చింది. ఫోను పట్టుకున్న డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. ఆ పల్లె నుంచి పంపిన సీసాల్లో మూత్రం లేదు, అన్నీ నీళ్ళే అన్నారు. మామూలు నీళ్ళు, కొంచెం ఉప్పదనం ఎక్కువ. మీవాళ్ళు ఊళ్ళోకి వెళ్ళకుండా ఎక్కడో కుళాయి దగ్గర కూర్చుని నింపేశారా అని ఆ పక్క నుంచి అడిగారట. ఆ పిల్లకి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. అంతకాలం ఉద్యోగంలో ఒక్క దొంగ చుక్క పంపలేదు నేను.

ఆ కోపంతోనే పల్లెకి వెళ్ళి ఆశా కార్యకర్తని నిలదీశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. అలాగే చెప్పింది. "మైకు రాములోరి గుడిది బావూ. పెద్దోలందరూ అరుగు మీద కూకున్నారు. ఉచ్చ పట్టి ఉంచండని ఆ మైకులో ఎలగ సెప్పీది? అందుకే నీళ్ళన్నాను."

అదీ జరిగింది. తెల్లారి లేచీ లేవగానే తొలి నీళ్ళు సీసాలో పట్టి ఉంచండి, పరీక్షకి కావాలి, అని రాముడి సాక్షిగా ఊరంతా వినబడేట్టు మర్యాదగా చెప్పింది. ఒంటికెళ్ళడాన్ని నీళ్ళకెళ్ళడం అని ఆవిడ పుట్టింట్లో అంటారట. ఈ పల్లెలో అలా అనరు. వీళ్ళకి నీళ్ళంటే నీళ్ళే. నీళ్ళ పరీక్షవాళ్ళు మళ్ళీ వచ్చారనుకుని, మసక వెలుతురులో బోరు దగ్గర వరస కట్టి మరీ తొలిధార పట్టారు. పంచాయితీ లేకుండా, తోపులాట లేకుండా. మా డాక్టరమ్మ మెచ్చుకున్న బుద్ధిమంతుల ఊరు రహస్యం ఇది.

నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. బోరు గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. డాక్టరమ్మ ముందు బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది. ఎండు నెత్తళ్ళ సిద్ధాంతం గుర్తొచ్చి ఇంకా నవ్వాం. ఆశా కార్యకర్త కూడా కొంగు చాటున నవ్వేసింది.

అంతలో చేపల గంప ఎత్తుకుని ఆవిడ వచ్చింది. సంగతి విని, ఆవిడ మాత్రం నవ్వలేదు. "తాగీ నీళ్ళు బాగుంటే కిడ్నీలు బాగున్నట్టే గదా, ఇన్నేళ్ళూ మీరు సెప్పినదదే గదా" అంది. 

మళ్ళీ శాంపిల్స్ తీసుకోవాలి. ఈసారి మైకు వద్దనుకున్నాం. ఇంటింటికీ తిరిగి చెప్పాలని ఆశా కార్యకర్త బయల్దేరింది, కాని ప్రతి గుమ్మం ముందూ ఆవిడ గొంతు సగంలోనే ఆగిపోతోంది. ఒక గుడిసె అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఒక ముసలమ్మ ఇదంతా చూసి విసుక్కుని, వల పక్కన పడేసి లేచింది. వీధి మధ్యలో నిలబడి, ఒడ్డున పడవ లాగేటప్పుడు వేసే గొంతుతో, ఈ బావూ వోలుకి కావలసింది బోరు నీళ్ళు కాదు, మీ ఉచ్చ, తెల్లారి లేచి పోసీది, ఆడోళ్ళదీ మగోళ్ళదీ, అని ఆ చివర నుంచి ఈ చివరకి వినబడేట్టు కేకేసింది. మర్నాడు సీసాలన్నీ వచ్చాయి. ఈసారి కొన్ని గళ్ళు రంగు మారాయి. ఆ పల్లె కూడా అన్ని పల్లెల్లాంటిదే.

గంపావిడ సీసాలో మాత్రం ఈసారి కూడా పట్టీ తెల్లగానే వచ్చింది. నిజం మూత్రమే. రక్తం తీసి క్రియాటినిన్ చూశాం, అదీ మామూలే. "నాను సెప్పనేదా" అంది ఆవిడ, గెలిచినట్టు. నాకూ బరువు దిగింది. ఆ తమ్ముడి మంచం పక్కన నిలబడి సూది గుచ్చేది నేనే కదా, ఆ కుర్రవాడు బాగుపడి మళ్ళీ వేటకెళితే చూడాలని నాకూ ఉంది.

తర్వాత సిటీ నుంచి కొత్త పరీక్ష ఫలితాలొచ్చాయి. డాక్టరమ్మ నన్ను లేబు వెనక్కి పిలిచి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. గంపావిడది మామూలు కంటే బాగా ఎక్కువగా ఉంది. ఒక ప్రోటీను కాదు, రెండు రకాలూ. మిగిలిన సగం సీసాతో మళ్ళీ చేయించారు, మళ్ళీ అంతే. బయటికి ఏమీ కనబడటం లేదు గాని, లోపల గొట్టాల గోడలు దెబ్బతినడం మొదలైంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. అది పరిశోధన. ఆ పరీక్షే ఇంకా పరీక్షలో ఉంది. దాన్ని బట్టి ఫలానా మనిషికి జబ్బుందని చెప్పకూడదని ముందే రాసుకున్న నియమం. మంచి నియమమే, దాన్ని నేను తప్పుపట్టను. సగం తెలిసిన విషయం చెప్పి జనాన్ని బెదరగొట్టిన వాళ్ళని బోలెడుమందిని చూశాను. కాని ఈ మనిషి వచ్చే నెల విశాఖ వెళ్ళి బల్ల మీద పడుకుని ఒక మూత్రపిండం తీసి ఇచ్చేయడానికి సిద్ధంగా ఉంది. ఇచ్చేస్తే దెబ్బతింటున్నది ఒక్కటి మిగులుతుంది ఆవిడకి. తమ్ముడికి వెళ్ళేదీ దెబ్బతింటున్నదే. చెబితే, ఆ కుర్రవాడికున్న ఒకే ఒక్క దారి మూసుకుపోతుంది. అతనికి ఇంకెవరూ లేరు. డయాలిసిస్ అతనికి సరిపడటం లేదని, ప్రతిసారీ బీపీ పడిపోతోందని నాకు తెలుసు.

చెప్పొద్దూ, ఆ సీసా అసలు తెరవకుండా ఉంటే బాగుండేదని ఒక క్షణం అనిపించింది. ఆ బోరు నీళ్ళ ఫలితమే ఖాయం చేసుకుని ఊరుకుంటే ఏం పోయిందని కూడా అనిపించింది. డాక్టరమ్మకి అలా అనుకునే తీరిక కూడా లేదు. ఆ పూటంతా ఫోను మీదే ఉంది. ప్రొఫెసరు గారితో, పరిశోధన నియమాలు చూసే కమిటీ వాళ్ళతో, విశాఖ డాక్టర్లతో. చివరికి ఒక దారి దొరికింది. జబ్బుందని చెప్పకూడదు, కాని దానం చేయబోయే మనిషి కాబట్టి అనుమానం ఉందని చెప్పి, మూత్రపిండాలు నిజంగా ఎంత వడపోస్తున్నాయో కొలిచే పెద్ద స్కాను చేయించమని రాయొచ్చు. తేల్చేది విశాఖ వాళ్ళు.

ఆవిణ్ణి లేబుకి పిలిపించాం. ఖాళీ గంప గుమ్మం దగ్గర పెట్టి వచ్చి స్టూలు మీద కూర్చుంది. డాక్టరమ్మ చాలా జాగ్రత్తగా, మెత్తగా చెప్పింది. ఆవిడ అంతా విని నా వైపు తిరిగింది. "ఏటంతన్నాది బావూ?"

పడవలో మోకాలి లోతు నీళ్ళు నిండాక క్రియాటినిన్ చెబుతుందని, పలకల సందుల్లో చెమ్మ పుట్టినప్పుడే ఈ కొత్త పరీక్ష చెబుతుందని, నీ పడవలో చెమ్మ కనబడుతోందని చెప్పాను. ఆవిడకి క్షణం పట్టలేదు అర్థం కావడానికి. ఆవిడ ముఖంలో రక్తం ఇంకిపోవడం నా కళ్ళతో చూశాను.

"నీళ్ళిచ్చిన్నాడు బాగుందన్నారు. ఉచ్చిచ్చిన్నాడూ బాగుందన్నారు. ఇప్పుడు కొత్తది తెచ్చి బాగునేదంతన్నారు. నాను ఇచ్చీదాకా ఆగనేపోనారా?"

 తర్వాత, కాగితం తెండి, నాకేటైనా మీ పూచీ లేదని వేలిముద్ర వేసేస్తానంది. డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకుంది. ఆ పిల్ల అప్పుడు పుస్తకం తెలుగు వదిలేసి, "నీది తీసినా వాడికి పనికిరాదేమో అక్కా" అంది. ఆ మాటకే ఆవిడ ఆగింది.

విశాఖకి నేనూ వెంట వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు, సెలవు పెట్టి వెళ్ళాను. నరంలోకి మందెక్కించి యంత్రం ముందు కూర్చోబెట్టారు. ఆ వయసు మనిషికి ఉండాల్సినంత వడపోత రెండిట్లోనూ లేదని తేలింది. ఇప్పుడు బతకడానికి ఢోకా లేదు, ఒకటి ఇచ్చేంత మిగులు లేదు. తీయడం కుదరదని పెద్ద డాక్టరు ఆవిడకే కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాడు. మెడనొప్పికి ఏమైనా వాడతావా అని అడిగాడు. గంప మోసీ మోసీ మెడ లాగేస్తుంటే, మందుల షాపులో పొట్లం కట్టి ఇచ్చే నొప్పి బిళ్ళలు రోజూ మింగుతుందట, పెళ్ళయినప్పటి నుంచీ. మా ఒడ్డున గంప మోసే ఆడవాళ్ళలో అవి మింగనిదెవరు? అవి ఈ క్షణం నుంచి మానెయ్యమన్నాడు.

తిరుగు ప్రయాణం పాసింజరు రైల్లో. నౌపడా దాటేదాకా ఆవిడ కిటికీలోంచి ఉప్పు మళ్ళు చూస్తూ కూర్చుంది. నేను పలాసలో దిగాలి, ఆవిడ సుమ్మాదేవి దాకా వెళ్ళాలి. పలాస వస్తుండగా, తమ్ముడికి మీరే చెప్పండి, నాకు నోరు రాదు, అంది. 

మర్నాడు డయాలిసిస్ వార్డులో అతని మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. పక్క యంత్రాల చప్పుడులో వినబడదేమోనని దగ్గరికి వంగి చెప్పాను. అక్కది తీయడం కుదరదన్నారని, ఎందుకు కుదరదో, డాక్టరు మానమన్న నొప్పి బిళ్ళల సంగతీ.  అతను కళ్ళు మూసుకుని విన్నాడు. ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను, రెండిటికీ సిద్ధపడే వెళ్ళాను. అతను కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట ఇది.

"అయితే అక్కకి ముందే తెలిసిపోనాదన్నమాట?"

అవునన్నాను.

"నాకు తెలిసీసరికి అంతా అయిపోనాది బావూ. దానికి ముందే తెలిసినాది." గొట్టాలున్న చెయ్యి సర్దుకుని, "ఆ బిళ్ళలు మానమనండి. మొండిది, మీరు సెప్తే ఇనదు. నాను సెప్పినానని సెప్పండి" అన్నాడు.

నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. యూనిఫారం వేసుకున్న పెద్దమనిషి అలా ఏడవకూడదేమో, నాకు తెలీదు.

తమ్ముడికి వేరే దాత కోసం పేరు రాయించాం. మా డాక్టరమ్మ ఎందరి కాళ్ళావేళ్ళా పడిందో. వరస రాలేదు. ఆ మరుసటి ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో ఆ కుర్రవాడు పోయాడు. నేను పల్లెకి వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. వీధిలో నిలబడి, వచ్చిన దారినే తిరిగొచ్చాను. తప్పు ఆవిడది కాదు, నాది కూడా కాదు. అయినా ఆ రోజు నన్ను నేను చాలా తిట్టుకున్నాను.

కొత్త పరీక్ష పనికొస్తుందా అంటే, వస్తుందనే అంటున్నారు ఇప్పుడు. ముందే పట్టుకున్న వాళ్ళలో కొందరిని బిళ్ళలు మాన్పించి, ఎండలో పనికి నీళ్ళ సీసా చేతికిచ్చి, బీపీ అదుపులో పెట్టి చూస్తే నెమ్మదించినట్టు కనబడుతోందట. ఖాయంగా చెప్పడానికి ఇంకా ఏళ్ళు పట్టొచ్చు. డాక్టరమ్మ ఇంకా అదే పని మీద ఉంది. ఆ పిల్ల ఇప్పుడు మాట్లాడితే శ్రీకాకుళం పిల్ల కాదని ఎవరూ అనరు. చేపలావిడ ఆరు నెలలకోసారి వచ్చి, సీసా బల్ల మీద పెట్టి, రక్తం ఇచ్చి వెళ్ళేది. బిళ్ళలు మానేసింది. క్రియాటినిన్ అలాగే నిలబడింది. నేను రిటైరయ్యేదాకా వస్తూనే ఉంది, నాతో మాత్రం ఒక్క మాట లేదు. నేను చెయ్యి అడిగితే చెయ్యి చాపేది, ముఖం అటు తిప్పుకునేది.

నేను ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టిన కొన్నాళ్ళకి, ఒక పొద్దున్న గేటు చప్పుడైతే వెళ్ళి చూశాను. ఆవిడే. గంప లేదు, మంచి చీర కట్టుకుని ఉంది. పక్కన టెక్కలిలో ఇంటర్ చదివే కూతురు. వేలికి పెన్ను సిరా మరక, అచ్చం మేనమామ కళ్ళు. కూర్చోమన్నాను. కూర్చోలేదు. గేటు ఊచలు పట్టుకుని అలాగే నిలబడి అడిగింది.

"అప్పుడు ఇచ్చెత్తే ఆడుండీవోడా బావూ?"

ఇన్నేళ్ళు ఆవిడ నాతో ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. ఈ ఒక్క మాటా అడగడానికి భయపడి. ఉండేవాడు కాదని చెబితే ఆవిడకి తేలికవుతుందని తెలుసు. కాని నాకు తెలియదు. కొన్నాళ్ళు ఉండేవాడేమో, ఉండేవాడు కాదేమో, ఇద్దరూ పక్కపక్క మంచాల మీద ఉండేవారేమో. అదే చెప్పాను. ఆవిడ తలూపింది. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు వాటంతట అవే కారిపోతున్నాయి.

తర్వాత కూతురి భుజం పట్టి నా ముందుకు నెట్టింది.

"దీనిదీ ఆ కొత్త పరీక్షకి పంపండి. నానైతే ఇయ్యలేకపోనాను. ఇది ఎవులికీ ఇయ్యాల్సిన అవసరం రాకుండా, ఎవుల్నీ అడగాల్సిన అవసరం రాకుండా సూడండి."

నేను రిటైరయ్యానని, ఇప్పుడు అక్కడ కొత్త పిల్లలున్నారని చెప్పబోయాను. చెప్పలేదు. చొక్కా తొడుక్కుని వాళ్ళతో బయల్దేరాను.